పక్కింటి వంటింట్లో పొంగిన పాలు

సింగపూర్‌లో అందరూ ఆంటీలే. కూరగాయలమ్మే ఆవిడ ఆంటీ, లిఫ్టు తుడిచే ఆవిడ ఆంటీ, రైల్లో నాకు సీటిచ్చిన కుర్రాడికి నేను ఆంటీ. యూ టీ అనే పేటలో మా పక్క ఫ్లాటులో ఉండే యూదుల పెద్దావిడకి నేను ఆంటీని, నాకావిడ ఆంటీ. ఆవిడకప్పుడు డెబ్భై ఏళ్ళు, నాకు యాభై ఆరు. ఒకళ్ళనొకళ్ళం ఆంటీ ఆంటీ అని పిలుచుకుంటుంటే మీ అమ్మ పడి పడి నవ్వేది. నువ్వూ నవ్వుతున్నావా? నవ్వింది చాలు, టైపు చెయ్యి.

అవి కంప్యూటర్లు నేర్చినవాళ్ళకి మహారాజయోగం నడుస్తున్న రోజులు. మీ అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ సైన్స్ పార్కులో ఉద్యోగాలు. పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాకే ఇంటికి రావడం. నీకు రెండేళ్ళు. నిన్ను చూసుకోవడానికి నేను కాకినాడ నుంచి వచ్చాను. పదకొండో అంతస్తు, ఇంగ్లీషు అంతంత మాత్రం, పలకరించే దిక్కు లేదు. వారం తిరక్కుండానే నా నోరు తుప్పు పట్టిపోతుందేమోనని భయం వేసింది.

పక్కింటి గుమ్మానికి కుడివైపు, భుజం ఎత్తున, వేలెడంత వెండి గొట్టం ఒకటి ఏటవాలుగా బిగించి ఉండేది. ఆవిడ లోపలికి వెళ్తూ దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళని ముద్దు పెట్టుకునేది. మనం నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసినట్టు ఇదీ దిష్టికే కాబోలు అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక చేతులు తిప్పుతూ సైగలతో అడిగేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "హిందీ ఆతీ హై?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళికి ముందు మా వీధి ఆడపిల్లలందరిలాగే నేనూ హిందీ పరీక్షలు రాశాను. ముప్పై ఏళ్ళు పెట్టె అడుగున పడి ఉన్న పట్టుచీరలా ఉంది ఆ హిందీ. తీసి దులిపితే మడతల దగ్గర చిరిగింది గానీ కట్టుకోవడానికి పనికొచ్చింది. ఆవిడ పూర్వీకులు బాగ్దాదు నుంచి కలకత్తా వచ్చి, అక్కణ్ణుంచి ఈ ద్వీపానికి చేరారట. ఆవిడ చిన్నతనంలో అమ్మమ్మ ఇంట్లో హిందుస్తానీ మాట్లాడేదట. అలా ఇద్దరం చిరుగుల హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషు మాసికలు వేసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం.

"దిష్టికి కాదు ఆంటీ," అంది. "లోపల తోలు కాయితం మీద దేవుడి మాట రాసి ఉంది. ఆయనకీ మాకూ ఒడంబడిక. ఆయన మమ్మల్ని వదలడు, మేం ఆయన్ని వదలం. గుమ్మం దాటినప్పుడల్లా తలుచుకోవాలి."

"అన్నిసార్లా? ఆయన మర్చిపోతాడనా?"

"ఆయనెందుకు మర్చిపోతాడు? మతిమరుపు మాకు!"

మా స్నేహంలో ఒక తమాషా ఉంది. ఆవిడ మా ఇంట్లో తినదు, నేను వాళ్ళింట్లో తినను. వాళ్ళ తిండికి బోలెడన్ని నియమాలు. నాది శాకాహారం. అందుకని తొక్క వలవని అరటిపళ్ళూ, గాజుగ్లాసుల్లో కాఫీ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. గాజుకి ఏదీ అంటదట. మా అత్తగారు వెండికి అంటు లేదనేది. ఆ మాట చెబితే ఆవిడ తొడ చరిచి, "మీ అత్తగారు మా వాళ్ళలో పుట్టాల్సింది," అంది.

ఆ ఏడు ఆవిడ కూతురు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది, అచ్చం మనలాగే. నెలలు నిండాయి. సరిగ్గా అప్పుడు ఆంటీ మార్కెట్టులో తడి నేల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టి మెడకి వేలాడదీశారు. ఇక ఆవిడ వంటింట్లో గిన్నెలు కడగడం, తుడవడం నా పనయింది. ఎవరూ చెప్పలేదు, నేనే దూరాను.

మొదటిరోజు ఆవిడ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పింది. రెండు అల్మారాలు, రెండు కడిగే తొట్లు, రెండు తువ్వాళ్ళు. నీలం తువ్వాలు వేలాడే అల్మారా పాలకి, ఎర్ర తువ్వాలు వేలాడేది మాంసానికి. "ఎన్నడూ కలవకూడదు. అర్థమైందా?"

నేను తల ఊపాను. మనవాళ్ళు తల ఊపితే అర్థమైందని కాదు కదే. వింటున్నానండీ అని, పెద్దవారు మీరెలా చెబితే అలాగేనండీ అని. అసలు సంగతి, నేను తువ్వాళ్ళ మీదే దృష్టి పెట్టాను. తువ్వాళ్ళు మాత్రం ప్రాణం పోయినా కలపలేదు.

వాళ్ళ కొత్త సంవత్సరం రేపనగా కూతురికి నొప్పులు వచ్చాయి. తల్లీ కూతుళ్ళు టాక్సీలో ఆసుపత్రికి పరిగెత్తారు. వెళ్తూ వెళ్తూ తాళం నా చేతిలో పెట్టి, "ఇల్లు చూస్తుండు," అంది. చూస్తుండు అంటే నేనూరుకుంటానా? నిన్ను చంకనేసుకుని వెళ్ళి ఇల్లంతా తుడిచాను. రెండు తువ్వాళ్ళూ ఉతికి కిటికీ బయట వెదురుకర్ర మీద ఆరేశాను, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. మధ్యాహ్నానికి మన ఇంటి ఫోను మోగింది. మగపిల్లాడు!

శుభవార్త వింటే మనం ఏం చేస్తాం? పాలు పొంగిస్తాం. ఆవిడ ఫ్రిజ్‌లో పాల పెట్టెలు మూడున్నాయి. అసలే ఆ పాలు కాచకుండా అలా చల్లగా ఉంచుకోవడం చూస్తే నాకు మొదటినుంచీ మనసొప్పేది కాదు. మీ అమ్మ "అవి కాచే అమ్ముతారమ్మా," అని మొత్తుకునేది గానీ, కాచని పాలు పాలేమిటి? పెద్ద గిన్నె కావాలి, అడుగు మందంగా ఉండాలి. రెండు అల్మారాలూ తెరిచాను. గుర్తుకి తువ్వాళ్ళు లేవు, కర్ర మీద ఆరుతున్నాయి. ఎడమది పాలదని నా జ్ఞాపకం. అందులోంచి తళతళలాడే మందపాటి స్టీలు గిన్నె తీసి, తూర్పుకి తిరిగి, పొయ్యి మీద పెట్టి పాలు పొంగించాను. బుస్సుమని పొంగి పొయ్యంతా పారాయి. నువ్వు చప్పట్లు కొట్టావు.

"సో మెస్సీ లా, అమ్మమ్మా!" అన్నావు ముద్దుముద్దుగా.

అవును మరి, శుభమంటే అంతే. నీకో గ్లాసు పోశాను, నేనో గ్లాసు తాగాను. మిగతావి గాజు జగ్గులో పోసి, గిన్నె తోమి, తీసినచోటే పెట్టేశాను. సాయంత్రం ఆంటీ వచ్చి ఆ పాలతోనే కాఫీ తాగి, నన్ను ఎడమచేత్తో కావలించుకుని, పండక్కి వాళ్ళ గుడి పక్కన ఉండే చుట్టాలింటికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకి తిరిగొచ్చింది. బాలింతా పిల్లాడూ కూడా వచ్చారు. పిల్లాడు పత్తిగింజంత ముక్కుతో, ముద్దొస్తున్నాడు. ఆంటీ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"ఎనిమిదో రోజున వీడికి ఒడంబడిక వేడుక," అంది. "దేవుడితో మా మాట గొట్టంలోనే కాదు, మగపిల్లాడి ఒంటిమీదా ఉంటుంది. సున్తీ అంటారే, ఆ చిన్న కోత పెట్టి, పేరు పెడతారు. ముప్పైమంది వస్తారు. అందరికీ కోడికూర వండించాలి, అదిగో ఆ ఎడమ అల్మారాలో మందపాటి గిన్నె ఉందే, దాంట్లో. మా అమ్మ గిన్నె అది. మాంసం తప్ప దాంట్లో ఇంకోటి పడలేదు ఇంతవరకూ."

నా గుండె జారి పదకొండు అంతస్తులూ దిగి కింద ఖాళీగా వదిలేసే వాయిడ్ డెక్‌లో పడింది.

"పాలు పడితే ఏమవుతుంది?" అన్నాను, మాటవరసకి అడిగినట్టు.

"అయ్యో, మేకపిల్లని దాని తల్లి పాలల్లోనే వండకూడదని మా శాస్త్రం. అందుకే మాంసానికీ పాలకీ అంత దూరం. ఆ గిన్నె ఇక పనికిరాదు. అందులో వండింది మావాళ్ళెవరూ ముట్టరు. అదీ ఒడంబడిక రోజున!"

ఇప్పుడు చూడు నా అవస్థ. ఆవిడ తల్లి గిన్నెని పాడుచేశాను. చెప్పకపోతే ముప్పైమంది పెద్దవాళ్ళు దేవుడికి మాటిచ్చే రోజున తినరానిది తింటారు. చెబితే ఈ వంటింట్లో మళ్ళీ నన్ను అడుగు పెట్టనిస్తుందా? అదొక్కటే కాదు. మాంసం గిన్నెలో కాచిన పాలు నేను తాగాను, నీకూ తాగించాను! మా అత్తగారు స్వర్గంలో స్పృహ తప్పి పడిపోయి ఉంటుంది.

ఆ రోజు నోరు తెరవలేదు. మర్నాడు నిన్ను బండిలో కూర్చోబెట్టుకుని రైలెక్కి జురాంగ్ ఈస్ట్ వెళ్ళాను. నా ఎత్తు ఏమిటంటే, అలాంటి గిన్నే కొని గుట్టుచప్పుడు కాకుండా మార్చెయ్యడం. మాల్ నిండా చైనావాళ్ళ పండగ మిఠాయి, మూన్‌కేకుల డబ్బాలు గుట్టలు గుట్టలుగా పెట్టారు. గిన్నెల కొట్టు కనిపెట్టేసరికి గంట పట్టింది. కొట్టతను నేను ప్రతి గిన్నె అడుగూ తట్టి చూస్తుంటే, "ఆంటీ, దిస్ వన్ వెరీ గుడ్, కెన్ యూజ్ అంటిల్ డై," అన్నాడు. చచ్చేదాకా వాడుకోవచ్చట. నాయనా, నేను చచ్చేలా ఉన్నది దీనివల్లేరా, అనుకున్నాను. కొన్నాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నానో లేదో, తలుపు మీద దబదబ. ఆంటీ! మెడకి వేలాడే చెయ్యి, మంచి గౌను, మొహం గంభీరంగా ఉంది. తెలిసిపోయిందనుకున్నాను. గిన్నె ఉన్న సంచీ సోఫా పక్కనే ఉంది, దాని ముందు నిన్ను నిలబెట్టాను. నువ్వు ఒక్కక్షణం నిలబడ్డావా? లేదు.

"ఆంటీ," అంది, "నిన్ను క్షమాపణ అడగడానికి వచ్చాను."

"నన్నా?"

"మా ప్రాయశ్చిత్తం రోజు వస్తోంది. ఆ రోజు పొద్దస్తమానం మంచినీళ్ళు కూడా ముట్టకుండా ప్రార్థన చేస్తాం. దేవుడి పట్ల చేసిన తప్పులు ఆయన చూసుకుంటాడు. మనిషి పట్ల చేసిన తప్పులు మాత్రం ఆయన ముట్టుకోడు. ఆ మనిషి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి అడగాల్సిందే. అందుకని ఈ పదిరోజులూ మేం గుమ్మాలు ఎక్కుతూనే ఉంటాం."

"మీరు నాకేం తప్పు చేశారు?"

ఆవిడ గొంతు సవరించుకుంది. "మీరు కొత్తగా వచ్చినప్పుడు, మీ పోపులో వేసే ఆ ఘాటు వాసన ఉందే, అది వస్తే, కింద కూర్చునే చైనా ఆవిడతో ఈ కొత్తవాళ్ళు ఇంట్లో టైర్లు కాలుస్తున్నారన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నీ వెనకాల నవ్వాను. క్షమించు."

ఇంగువ! పాపం, ఇంగువ గురించి ఆవిడ మంచి గౌను వేసుకుని వచ్చింది. నేనేమో ఆవిడ తల్లి గిన్నె పాడుచేసి, కొత్తది సంచీలో దాచి నిలబడ్డాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "క్షమించాను, క్షమించాను, ముందు నామాట వినండి," అని మొత్తం కక్కేశాను. ఫోను, పాలు, వెదురుకర్ర, ఎడమ అల్మారా, జురాంగ్ ఈస్ట్. హిందీ చాలక తెలుగులో కూడా చెప్పాను. ఈలోగా నువ్వు సంచీలోంచి గిన్నె లాగి నెత్తిన పెట్టుకున్నావు.

ఆవిడ నన్ను ఆపకుండా అంతా వింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది, డాక్టరు అడిగినట్టు. పాలు మరిగాయా? మరిగాయి. దేంతో కలిపావు? దేంతోనూ లేదు. ఆ గిన్నెలో అంతకుముందు మాంసం ఎప్పుడు వండాం? చెయ్యి విరిగినప్పటినుంచీ వండలేదుగా. ఆ తర్వాత వాళ్ళ గురువుగారికి ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో నావైపు చూసి, ఫోనులో ఏదో అని, పెదాలు బిగపట్టింది.

"మనం తాగిన పాలకి దోషం లేదట. గిన్నె మాంసం చూసి రోజు దాటిపోయింది కాబట్టి," అంది. "గిన్నె బాగా తోమి, అంచుదాకా నీళ్ళు పోసి, సలసల కాగించి, పొంగి పొర్లనివ్వాలట. అప్పుడు శుద్ధి."

"పొంగించాలా?" అన్నాను.

"పొంగించాలి. నీకు అలవాటేగా!"

"మరి ఈ కొత్త గిన్నె?"

"అది మార్చి ఉంటే రెండో తప్పయ్యేది. కొత్త గిన్నెని నీళ్ళలో ముంచి, దీవెన చదవందే మేం వాడం. ఒక తప్పు కప్పడానికి ఇంకో తప్పు, రైలు టిక్కెట్టు పెట్టుకుని మరీ కొనుక్కొచ్చావు!"

నేను చేతులు జోడించాను. "పాలు కాచినందుకు నన్ను క్షమించండి ఆంటీ."

"క్షమించను."

నా మొహం మాడిపోయింది.

"తెలియక చేసినదానికి క్షమించడానికి ఏముంది? అడగాల్సింది అది కాదు, మళ్ళీ అడుగు."

"మీ అమ్మగారి గిన్నె..."

"గిన్నె రేపు పొంగుతుంది. మళ్ళీ అడుగు."

అప్పుడు తట్టింది నాకు. నిన్నటినుంచీ ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుంటున్నాను, ఆవిడ చెబుతున్న విందు కబుర్లకి తలూపుతున్నాను, మొహం మీద నవ్వు పులుముకుని తిరుగుతున్నాను. "తెలిసి కూడా చెప్పకుండా మీ మొహం చూస్తూ నవ్వినందుకు," అన్నాను. ఈసారి తల ఊపలేదు, వంచాను.

"ఆఁ, అదీ," అంది ఆవిడ. "దానికి క్షమించాను. మూడుసార్లు అడిగినా క్షమించనివాడిది రాతిగుండె అంటారు మా పెద్దలు. మూడోసారికి సరిగ్గా అడిగావు, నా పరువు కాపాడావు." ఇద్దరం సోఫాలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాం. నువ్వు గిన్నె నెత్తిమీద నుంచి తియ్యనని ఏడుపు.

మర్నాడు పొద్దున్న గిన్నె తోమాను చూడు, అలా నా పెళ్ళికి కూడా మా ఇంట్లో గిన్నెలు తోమి ఉండరు. ఆంటీ ఎడమచేత్తో పొయ్యి వెలిగించింది. అంచుదాకా నీళ్ళు. ఇంకో పొయ్యి మీద శుభ్రంగా కడిగిన గులకరాయి వేడెక్కుతోంది. నీళ్ళు సలసలా కాగుతుంటే ఆ రాయి పట్టుకారుతో నేనే వెయ్యాలి, ఆవిడ చెయ్యి పనిచెయ్యదుగా. వేశాను. బుస్సున నీళ్ళు లేచి నాలుగువైపులా అంచు మీంచి దూకాయి. "పొంగిందీ!" అని నేను తెలుగులో కేక పెట్టాను. ఆవిడ వాళ్ళ భాషలో ఏదో అంది. గదిలోంచి బాలింత పిల్లాణ్ణెత్తుకుని పరిగెత్తుకొచ్చి, "మళ్ళీ ఏం చేశారు ఆంటీ?" అంది నాతో!

వేడుక రోజున ఫ్లాటులో కాలు పెట్టే చోటు లేదు. ఒక కుర్చీకి జరీగుడ్డ కప్పి, సువాసన ఆకులు కట్టి, ఖాళీగా ఉంచారు. వాళ్ళ ప్రవక్త ఒకాయన ప్రతి ఒడంబడిక వేడుకకీ వచ్చి అందులో కూర్చుంటాడట, కళ్ళకి కనబడడు. ఆ కోత ఒక్క నిమిషం పనే. పిల్లాడు కెవ్వుమన్నాడు, పెదవి మీద తియ్యటి ద్రాక్షరసం చుక్క వేశారు, చప్పరించి ఊరుకున్నాడు. పేరు చదివారు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ పాటలందుకున్నారు. నేను ఆడవాళ్ళ వెనకాల నిన్నెత్తుకుని నిలబడ్డాను. ఎందుకో నాకూ కళ్ళు చెమర్చాయి. ఎనిమిది రోజుల పిల్లాడికి ఏం తెలుసు, వాడి తరఫున ఇంతమంది మాటిస్తున్నారని?

తర్వాత కోడికూర. ఆంటీ గిన్నె మూత తీస్తూ, అందరి ముందూ పాల కథ మొత్తం చెప్పేసింది, బుస్సు చప్పుడుతో సహా. నన్ను అడిగే చెప్పిందనుకో. పొద్దున్నే వచ్చి, "చెప్పనా? వద్దంటే మానేస్తాను. నీ వెనకాల మాత్రం చెప్పను," అంది. చెప్పమన్నాను. ఆడవాళ్ళు నా చుట్టూ మూగి, "ఆంటీ, మా ఇంట్లో కూడా పొంగించి పెడతారా?" అని ఆట పట్టించారు. గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు. నేను మూడు అరటిపళ్ళు తిన్నాను.

మూడు రోజులకి ఆ ప్రాయశ్చిత్తం రోజు. ఆంటీ బాలింతనీ పిల్లాణ్ణీ గుడి పక్క చుట్టాలింటికి పంపేసి, తనూ ముందురోజు సాయంత్రమే తెల్లబట్టలు కట్టుకుని, తోలు చెప్పులు వేసుకోకూడదని గుడ్డ బూట్లు వేసుకుని బయల్దేరింది. ఆ రోజు ఏ వస్తువూ మోసుకెళ్ళకూడదట, తాళంచెవి కూడా. గుమ్మం దగ్గర దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇల్లు చూస్తుండు," అంది. అదే మాట. ఈసారి నేను నిజంగా చూశాను, అంతే. దేనిమీదా చెయ్యి వెయ్యలేదు.

మర్నాడు చుక్కలు పొడిచాక లిఫ్టులోంచి దిగింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి గానీ మొహం మాత్రం తలంటుకున్న పిల్లలా వెలిగిపోతోంది. నేను తలుపు తీశాను. ఆవిడ గొట్టాన్ని తాకి, ముద్దు పెట్టుకుని, తిన్నగా వంటింట్లోకి నడిచి పొయ్యి వెలిగించింది.

"కాఫీ," అంది. "ఇవాళ పాలతో. గిన్నె నువ్వే తియ్యి."

కుర్చీ లాక్కుని కూర్చుంది, అల్మారాలకి వీపు పెట్టి. నేను ఏ తలుపు తీస్తున్నానో, ఏ గిన్నె దించుతున్నానో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గుళ్ళో ఎవరో ముసలాయన ప్రార్థన మధ్యలో గురక పెట్టాడని నవ్వుతూ చెబుతూనే ఉంది.